జడ్జీలూ పోలీసులూ ఉండే బస్తీ

మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో ఫిల్మ్‌నగర్ గుట్ట కింద మా బస్తీకి కొత్త చిక్కు వచ్చింది. చుట్టుపక్కల భూమి ధరలు పెరిగాయి కనుక మేమూ పెరిగామని పైవాళ్లు అనుకున్నారు. ఉన్నవాళ్ల పిల్లలకు సర్కారు బడి ఎందుకు, మా బస్తీ బడిని షేక్‌పేట బడిలో కలిపేద్దామన్నారు. ముందు ఇంటింటికీ తిరిగి ఎవరేం పని చేస్తున్నారో, ఎలా బతుకుతున్నారో చూసి రమ్మని ఒక సారును పంపారు.

నా మనవరాలు అప్పుడు రెండో తరగతి. షేక్‌పేటకు పోవాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. రోజూ ఆటోలో పంపే తాహతు మాకు లేదు. ఉన్నా నేను పంపను, అది వేరే సంగతి. బడి పోతే దాని చదువూ నా చదువులాగే అక్కడే ఆగుతుంది.

మా వీధివాళ్లంతా సినిమాల్లో గుంపులో నిలబడేవాళ్లు. ఏం పని అని అడిగితే ఆ వారం వేసే వేషం చెబుతారు. ఏళ్ల తరబడి ఒకరినొకరు అడిగేది అదే, వేరే జవాబు నోటికి రాదు.

పక్కింటాయన గడపలో పళ్లు తోముకుంటూ "పోలీసు" అన్నాడు. కోస్తా నుంచి వచ్చిన ఆ సారు మర్యాదగా రాసుకున్నాడు.

"మీ ఆవిడండీ?"

"డాక్టరమ్మ. మొన్నటిదాంక నర్సే, గీ వారమే పెంచిన్రు."

"ప్రమోషనా? బాగుందండీ."

ఎదురింటి ముసలాయన అరుగు మీంచే చెప్పాడు. "నేను జడ్జిని సార్. రేపటితోటి అయిపోతది."

"రిటైర్మెంటా అండీ?"

"ఔ, ఎల్లుండి సంది ఖాళీ."

నాకు నవ్వొచ్చింది. మనవరాలు గుర్తొచ్చి నవ్వు ఆగింది. "సారూ, వీళ్లంతా వేషాలోళ్లు" అన్నాను.

"అందరూ అలాగే తక్కువ చేసి చెబుతారమ్మా. పై వీధిలో మేడ ఉన్నాయన కూడా కూలీనే అన్నాడు."

మాటతో పని కాదని తెలిసింది. నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళ దగ్గరపడింది. సారును లోపలికి పిలిచి చాయ్ ఇప్పించాను. తాగేశాడు. ట్యాంకర్ రాలేదు. ఇంకో చాయ్ పెట్టమన్నాను.

కోడలు నన్ను వింతగా చూసింది. "పాలు పిల్లకుంచినయి అత్తమ్మా."

"గవే పొయ్యి. నీళ్లు జర ఎక్కువ పొయ్యి."

రెండో చాయ్ సగంలో ఉండగా హారన్ మోగింది. పోలీసు నెత్తిన బకెట్ బోర్లించుకుని ఉరికాడు. డాక్టరమ్మ అందరి బిందెలూ కాలితో నెట్టి తనది ముందు పెట్టింది. జడ్జి లుంగీ ఎగ్గట్టి ట్యాంకరెక్కి పైపు లోపల వేశాడు.

"ఓ జడ్జి తాతా, పైపు గిటు జరుపు."

"నీ పేషెంట్లను చూస్కోపో బిడ్డా, గీడ నాదే వంతు."

సారు కప్పు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అమ్మా, వీళ్లు నిజంగానే..."

"ముందే చెప్పిన గదా. జర గీ బిందె పట్టుండ్రి, వంతు పోతది."

కాగితాలు చంకలో పెట్టుకుని వరుసలో నిలబడ్డాడు. ట్యాంకర్ మీంచి జడ్జి అడిగాడు, "మీది ఏం వేషం సార్?"

నీళ్లయ్యాక సారు మా అరుగు మీద కూర్చుని మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. వేషం వద్దండీ, కడుపు నిండే పని ఏదో చెప్పండి అన్నాడు. ఈసారి జవాబులకు చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం పాలు లేవని మనవరాలు ఏడ్చింది. బడి తాగేసిందని చెప్పాను. బడి మాత్రం మా గుట్ట కిందే ఉండిపోయింది.