అమ్మ గొంతుకు ఎర్ర దీపం

మా నాన్నకి చెవులు వినబడవన్న సంగతి బిలాస్‌పూర్‌లో తార్‌బహార్ పేటలో మా వీధికొచ్చే కూరగాయల బండివాడికి కూడా తెలుసు. తెలియనిది ఆయనొక్కడికే. ముప్పై ఆరేళ్ళు అక్కడి రైల్వే షెడ్ నుంచి ఇంజన్లు నడిపి రిటైరయ్యాడు. ఆ ఇంజన్ల హోరూ హారన్లూ కలిసి ఆయన చెవుల్ని తినేశాయని, రిటైరైన మూడో ఏట ఒక డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. నాన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మంచం కోడు కింద దోపాడు. "నాకేటీ అవలేదు. జనాలే నోరు తెరిచి మాటాడ్డం మానేసేరు," అన్నాడు. చెవి మిషను మాట ఎత్తితే, "కమ్మలూ జూకాలూ మీ ఆడోళ్ళు పెట్టుకోండి," అనేవాడు.

ఆ నోరు తెరవని జనాల్లో మొదటి ముద్దాయి మా అమ్మ.

డ్రైవరు ఇంట్లో పుట్టినవాళ్ళకి మాత్రమే బాగా తెలిసిన సంగతి ఒకటుంది. రాత్రంతా గూడ్సు నడిపి పొద్దున్న ఇంటికొచ్చిన మనిషి పగలు పడుకోవాలి. మళ్ళీ డ్యూటీకి పిలుపొచ్చేలోగా ఆ నిద్ర పూర్తవాలి. అందుకని మా క్వార్టర్లో పగటిపూట గొంతులుండేవి కావు. విజిల్ వస్తుందని అమ్మ కుక్కరు వాడేది కాదు. గిన్నెల కింద పాత చీరముక్క పరిచేది. పాలవాడితో సైగలతో బేరమాడేది. నేను గట్టిగా నవ్వితే లోపలి గదిలోంచి చెప్పు వచ్చి పడేది. చెప్పు నాకు, తిట్లు అమ్మకి. "నోర్ముయ్యండి" అన్న మాటొక్కటే మా ఇంట్లో గట్టిగా వినబడేది. అలా కొన్నేళ్ళకి అమ్మ గొంతు సన్నబడిపోయి, ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు కూడా గుసగుసగానే మాట్లాడేది.

తర్వాత ఆయన చెవులు పోయాయి. అప్పుడు కొత్త పాట అందుకున్నాడు. "ఏటా గొణుగుడు? నోట్లో ఏటెట్టుకున్నావు?" అని. తన నిద్ర కోసం గొంతు చంపుకున్న మనిషిని, గొంతు లేదని తిట్టాడు. నేను ఊరి బయట బోద్రీ కోర్టులో పదిహేడేళ్ళుగా సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తున్నాను. రకరకాల మొగుళ్ళని విన్నాను. ఇలాంటి తిట్టు ఎవరి నోటా వినలేదు.

అమ్మ వంటింట్లో పడిపోయింది. పిలిచిందట. పక్క గదిలో నాన్న టీవీ చూస్తున్నాడు. ఆ పిలుపు విన్నది గోడ అవతల ఉండే పక్కింటావిడ. ఆవిడ వచ్చి తలుపు బాదినా నాన్న లేవలేదు. చుట్టూ తిరిగి వెనక గుమ్మంలోంచి ఆవిడే లోపలికి వచ్చింది. నేను బోద్రీ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి నేను నాన్నని క్షమించలేదు. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

అమ్మది మాకు మిగిలింది ఒక్క చిన్న వీడియో. కొత్త ఫోను కొన్న రోజున కెమెరా ఎలా ఉందో చూద్దామని తీశాను. అందులో అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంటుంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో నాన్న కుర్చీలో హిందీ పేపరు చదువుకుంటూ ఉంటాడు. అమ్మ ఆయన వైపు చూసి ఏదో అంటుంది, నవ్వుతుంది, మళ్ళీ ఏదో అంటుంది. నవ్వితే అమ్మ చాలా బాగుంటుంది. నాన్న పేపరులోంచి తలెత్తడు.

అమ్మ పోయాక నాన్న ఆ వీడియో పట్టుకుని కూర్చున్నాడు. ఫోను చెవికి ఆనించుకునేవాడు. టీవీలో పెట్టించుకునేవాడు. శబ్దం పూర్తిగా పెంచితే టీవీ వెనకాలి చిన్న స్పీకర్లు గడగడలాడేవే తప్ప ఆయనకి మాట తేలేది కాదు. "ఏటంతాంది? నాకేసి చూసే కదా అంతాంది?" అని నన్ను అడిగేవాడు.

"గాలి హోరు నాన్నా, మాట సరిగ్గా పడలేదు," అనేదాన్ని.

అబద్ధం. ఆ వేళ వరండాలో ఆకు కూడా కదల్లేదు. అమ్మ మాటలు ఒక్కొక్కటీ స్పష్టంగా వినిపిస్తాయి. అయితే అవి మొగుడు వినాల్సిన మాటలు కావు, ఆయన వినలేడన్న ధైర్యంతో అన్న మాటలు. నాన్న మాత్రం అమ్మ నోట్లో తనకి కావలసిన మాటలు పెట్టేసుకున్నాడు. "ప్రేమగా ఏదో అన్నాది, మొహం చూడండి," అని పక్కింటావిడకి కూడా హిందీలో చెప్పి చూపించాడు. ఆవిడ ఛత్తీస్‌గఢీ మనిషి, తెలుగు ముక్క రాదు. "హవ్, హవ్," అని తలూపి కళ్ళు తుడుచుకుంది.

అలా ఏడాది గడిచింది. ఒకరోజు నాన్న, తనతో పనిచేసిన ఒకాయన దయాల్‌బంద్‌లో కొత్త ఇంట్లో దిగితే చూడ్డానికి వెళ్ళాడు. వాళ్ళ హాల్లో హోమ్ థియేటరు ఉందట. క్రికెట్ కామెంట్రీ ఒక్కో మాటా వినబడిందట. "చూసేవా? నా చెవులకి ఏ రోగమూ లేదు. రోగం మన టీవీది," అంటూ ఇంట్లో అడుగుపెట్టాడు. ఇక నా ప్రాణం తీశాడు. బదిలీ మీద వెళ్ళిపోతున్న రైల్వే ఆఫీసరొకాయన ఇంట్లో సామాను అమ్మేస్తున్నారని తెలిసి, వాళ్ళ పాత రిసీవరూ, ఐదు స్పీకర్లూ, ఊఫరూ ఆటోలో వేసుకుని తెచ్చాను. వార్తలు చూసుకుంటూ నా జోలికి రాడని నా ఆశ.

ఆదివారం పొద్దున్న వైర్లు ముందేసుకుని కూర్చున్నాను. టీవీ శబ్దం రిసీవరులోకి తెప్పించడం అంత కష్టమైన పనేం కాదు, పేచీ పెట్టే సామాను కాకపోతే. హెచ్‌డీఎంఐ వైరుతోనే అయిపోవాలి. కాని దానిలో శబ్దం టీవీ నుంచి వెనక్కి రావాలంటే రెండు వైపులా సాకెట్ దగ్గర ఏఆర్‌సీ అని రాసి ఉండాలి. టీవీ మీద ఉంది. ముసలి రిసీవరు మీద లేదు. రెండింటి వెనకా వెతికితే చిన్న చదరపు కన్నం ఒకటి దొరికింది. దానికి ఆప్టికల్ కేబుల్ కావాలి. అందులో రాగి ఉండదు, శబ్దం వెలుతురుగా మారి పోతుంది. వెళ్ళి అది కొనుక్కొచ్చాను. కొసలకి ఉన్న ప్లాస్టిక్ టోపీలు పీకి, ఒక కొస టీవీకి గుచ్చాను.

రెండోది రిసీవరుకి పెట్టబోతుంటే నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "వార్తలు తర్వాత. ముందు మీ అమ్మది పెట్టు," అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. ఆటో మాట్లాడి, మెట్లెక్కించి, స్పీకర్లు గోడకి బిగించినంతసేపూ, వీటిలో అమ్మ మాటలు కూడా ఆయనకి వినబడతాయన్న ఆలోచన నాకు రాలేదు. తెలివైనదాన్నని కోర్టులో నాకు పేరు.

ఏం చెయ్యాలో తోచక వైరు కొస పట్టుకుని కూర్చున్నాను. ఆ కొసలోంచి ఎర్రటి చుక్క వెలుగుతోంది. ఈ వైరులో శబ్దం మోసేది ఆ ఎర్ర వెలుతురే. అది కనబడిందంటే అంతా సవ్యంగా ఉందని. నాన్న ఆ ఎరుపు చూశాడు. చటుక్కున కుడిచెయ్యి పైకెత్తాడు.

"రెడ్!"

ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నలు కనబడగానే చెయ్యెత్తి దాని రంగు పైకి చెప్పాలి. ఒకరు చెప్తే రెండోవారు తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా వస్తేనే అది చూసినట్టు. మా ఇంట్లో కూడా అన్నీ అలాగే జరిగేవి. "గ్యాస్ బంద్," అని ఆయనంటే, "గ్యాస్ బంద్," అని అమ్మ అనాలి. అనేదాకా ఆయన చెయ్యి దించడు, ఎవర్నీ గుమ్మం దాటనివ్వడు.

"రెడ్," అన్నాను అలవాటుగా.

"ఆపు. తగిలించకు. లోపల ఏదో క్లియర్ అవలేదు. గ్రీన్ వొచ్చీదాకా ముట్టుకోకు."

ఎరుపు దగ్గర ఆగడం తప్ప ఇంకోటి తెలియని మనిషి. ఒక్క ముక్కతో ఆయన పొరపాటు దిద్దేయొచ్చు. ఆ ముక్క నేను చెప్పలేదు. "ఠీక్ నాన్నా, గ్రీన్ వచ్చాకే పెడదాం," అని ఆయన చెవి దగ్గర అరిచాను. వైరు కొసని ఆయనకి కనబడేలా టీవీ బల్ల అంచుకి టేపుతో అంటించాను.

పదకొండు రోజులు ఆ చుక్క ముందు కూర్చున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, టీవీ వేసి వంగి చూసేవాడు. చెయ్యెత్తి, "రెడ్," అనేవాడు. నేను టిఫిను డబ్బా సర్దుకుంటూ, "రెడ్," అనేదాన్ని. "అచ్ఛా," అని కూలబడేవాడు. సాయంత్రం నేను వచ్చేసరికి కుర్చీ ఇంకాస్త ముందుకు జరిగి ఉండేది.

మొదటి రెండు రోజులూ, అమ్మ మాటల నుంచి ఆయన్ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మూడో రోజుకి అందులో రుచి తెలిసింది. ఈయన లేచేదాకా మేమిద్దరం ఏళ్ళ తరబడి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం, ఇప్పుడు ఈయన్ని కూర్చోనీ అనుకున్నాను. బోద్రీ బస్సులో ఆ ఉతికిన చొక్కా తల్చుకుని నవ్వుకున్నాను. నవ్వానని చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

పన్నెండో రోజు కోర్టుకి సెలవు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. నువ్వే వేసుకో అన్నాను. మాట వినబడకపోయినా నా మొహం చదివాడు.

"మీ అమ్మ ఉత్తమురాలే. నలభై నాలుగేళ్ళలో నన్ను ఒక్క మాట అన్లేదు. ఇల్లాలంటే అదీ. నువ్వేటే గుంటా, ఈ నోరు చూసే ఎవడూ గుమ్మం ఎక్కలేదు. దాని కడుపున ఎలాగ పుట్టేవో!"

పెళ్ళి మాట నాకు పాత దెబ్బ, అక్కడ నొప్పి ఎప్పుడో పోయింది. ఆ "ఒక్క మాట అన్లేదు" అన్నది మాత్రం నా ఒళ్ళు మండించింది. అమ్మని నోరెత్తనివ్వని మనిషి, అమ్మ నోరెత్తలేదని మెచ్చుకుంటున్నాడు. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాను.

"రా నాన్నా! గ్రీన్ వచ్చింది!"

ఆ మాట ఎలా విన్నాడో విన్నాడు. ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకుంటూ వచ్చాడు. వంగి చూశాడు. "రెడ్డే కదే," అన్నాడు, చిన్నపిల్లాడి మొహం పెట్టి.

"ఎప్పటికీ రెడ్డే ఉంటుంది. ఇది సిగ్నలు కాదు. అమ్మ గొంతు ఈ రెడ్డులోనే వస్తుంది. మొదటి రోజు నుంచీ నాకు తెలుసు!" అని అరిచాను. ఎంత అందిందో తెలియదు. టేపు పీకి కొసని రిసీవరులో గుచ్చాను, టక్కుమంది. రిసీవరు మీట టీవీ అన్నచోటికి తిప్పాను. టీవీలో శబ్దం బయటి స్పీకర్లకి మార్చాను. అయినా చప్పుడు లేదు. టీవీ పంపే శబ్దం ఈ పాత పెట్టెకి అర్థం కావడం లేదు. శబ్దం రకం పీసీఎం అన్నదానికి మార్చాను. స్పీకర్లు ఒక్కసారి బుస్సుమన్నాయి.

అక్కడ ఆగి ఉండొచ్చు. కోపంలో చెయ్యి జారిందని సాకు చెప్పడానికి కూడా లేదు. ఊఫరు తగ్గించి, మాటలొచ్చే మధ్య స్పీకరు పెంచి, శబ్దం చివరిదాకా తిప్పి, వీడియో పెట్టాను. నాన్న ఆ మధ్య స్పీకరుకి చెవి ఆనించాడు.

అమ్మ మాట్లాడింది. బతికుండగా అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. కిటికీ అద్దాలు అదిరాయి.

"మీ నాన్నకి ఇనబడదని డాక్టరు చెప్పిన నాడు గుడికెల్లి కొబ్బరికాయ కొట్టేను, తెలుసా?"

నాన్న చెయ్యి పైకి లేచింది. వేళ్ళకి పప్పన్నం అంటుకునే ఉంది. "కొబ్బరికాయ కొట్టేను," అన్నాడు.

"నన్ను నోర్ముయ్యమన్నాడు. దేవుడు ఆయన చెవులు మూసేడు."

"చెవులు మూసేడు."

అమ్మ ఆయన కేసి చూసి నవ్వింది. చిక్కుడుకాయ ఈనె లాగింది. "ఎదురుగా కూకుని ఏటన్నా ఇనబడదు. హాయిగుంది. నాకన్నా ముందు ఈయన పోతే బాగుణ్ణు. ఒక్క ఏడాది. ఎక్కువొద్దు. ఒక్క ఏడాది గట్టిగా మాటాడుకుని నానూ పోతాను."

"ముందు పోతే బాగుణ్ణు," అన్నాడు నాన్న. "ఒక్క ఏడాది. ఎక్కువొద్దు."

వీడియో అయిపోయింది. ఆయన చెయ్యి అలాగే ఉంది. "అది పోయి ఎన్నాళ్ళైంది?" అని అడిగాడు. వేళ్ళు చూపించి చెప్పాను, పద్నాలుగు నెలలని.

"పద్నాలుగు నెలలు," అన్నాడు. "దాని ఏడాది నాను తినేసేను. మీద రెండు నెలలు కూడా."

ఏడుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. కనీసం నన్ను కొడతాడని కాచుకుని నిలబడ్డాను, కొడితే బాగుణ్ణని కూడా అనిపించింది. ఆయన పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, "మళ్ళీ పెట్టు," అన్నాడు.

ఇప్పుడు తనే పెట్టుకుంటున్నాడు. రోజూ పొద్దున్న స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, శబ్దం చివరిదాకా తిప్పుతాడు. మా వీధిలో తెలుగువాళ్ళవి నాలుగిళ్ళున్నాయి. వాళ్ళు నేను కనబడితే తల తిప్పేసుకుంటున్నారు. పక్కింటావిడ ఒక్కతే, అమ్మ గొంతు వినబడగానే గోడ దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టుకుని వెళ్తుంది.

వీడియో అయిపోయాక నాన్న లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడతాడు. నా వైపు తిరిగి చెయ్యెత్తుతాడు. "ముందు పోతే బాగుణ్ణు," అంటాడు. రెండోవారు తిరిగి చెప్పేదాకా ఆ చెయ్యి దిగదు. మొదటి రోజు గంటసేపు చెప్పలేదు, బోద్రీ బస్సు తప్పిపోయింది. కాళ్ళు పట్టుకుంటానన్నాను, కదల్లేదు.

ఇప్పుడు చెప్తున్నాను. డబ్బా సంచిలో పెట్టుకుని, ఆయన చెవి దగ్గరికి వెళ్ళి, వినబడేలా గట్టిగా చెప్తున్నాను. అచ్ఛా అని చెయ్యి దించి, పక్కకి జరిగి నాకు దారి ఇస్తున్నాడు.