పరీక్షకు పోని మట్టి

మా మేనత్త పోయింది. మనూర్ బస్సు కండక్టరు నారాయణఖేడ్ బస్టాండులో దిగి ఆ కబురు చెప్పాడు. నేను వాళ్లూరు చేరేసరికి వాకిట్లో ఒక పెద్దమనిషి, "ఓపిక గల్ల మనిషి" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమెకు ఓపిక ఎక్కడిది? ఓపిక పట్టమని చెప్పినవాళ్లే ఊరంతా!

అత్తను కన్నడం మాట్లాడే ఇంటికిచ్చారు. వానలు మొదలయ్యాక వచ్చే అమావాస్యకు వాళ్లు సొంత చేని మట్టితో ఎద్దుల్ని చేసి పూజిస్తారు. అత్త ఎద్దులకు మూపురాలు పెద్దవి. "మూపురం లేకుంటే అదేమెద్దు, బిడ్డా?" అనేది.

ఒక ఎండాకాలం ఆమె కల్హేర్‌లో పెళ్లికి పోయివచ్చేసరికి చేను మూలన కొత్త గుంత పూడ్చి ఉంది. మందుల దుకాణదారు పాడైన పురుగుమందు బస్తాలను అక్కడ పాతిపెట్టించాడు. తొలకరికి గుంత కుంగి, తెల్లటి నీళ్లు చేనంతా పారాయి. అక్కడి గడ్డి మేసిన దూడ నురగలు కక్కి చచ్చింది. నిలదీస్తే, "మందే గదా, నీ చేన్ల ఇగ పురుగు రాదు" అని నవ్వాడట. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ఆ చేన్లో జొన్న వేయొచ్చా, ఆ రొట్టె మనవలకు పెట్టొచ్చా? ఆమె అడిగింది ఇంతే. వ్యవసాయాఫీసు మనిషి వచ్చి, అక్కడక్కడ తవ్వి, మట్టి కలిపి సంచిలో కట్టుకుపోయాడు. గట్ల పక్కన, ఎరువు కుప్పల దగ్గర మట్టి తీయకూడదని వాళ్ల పద్ధతట. ఆ పద్ధతి ప్రకారం విషం పాతిన మూలను వదిలేశాడు! కొన్నాళ్లకు జవాబొచ్చింది. భూమి బాగుంది, భాస్వరం తక్కువ, ఎరువు వేసుకోండి.

"జెరమొచ్చిందంటే జుట్టు కొలిచిపోయిండు," అంది అత్త. "విషముందా అంటే బలముందా అని చూస్తరేంది?"

ఆ మూలన తనే తవ్వి, మట్టిని బట్టసంచిలో కట్టి ఆఫీసుకు తెచ్చింది. వెంట నేనూ ఉన్నాను.

"గా మందును పట్టే మిషను ఈడ లేదమ్మా. పట్నం పంపాలె. పైనుంచి ఆర్డరు రావాలె," అన్నాడు బల్ల వెనక మనిషి.

"పైనోళ్లు నా చేన్ల రొట్టె తింటరా?"

అతను సంచి వాపసిచ్చాడు. ఆర్డరు రానే లేదు. అత్త సంచిని ఇంట్లో కొక్కేనికి తగిలించి, చేను బీడు పెట్టి, కూలికి పోయింది. సొంత భూమి ఉన్న మనిషి! నేను పోయినప్పుడల్లా "మణ్ణు ముచ్చట ఏమాయె, బిడ్డా?" అనేది. మణ్ణు అంటే కన్నడంలో మట్టి. అమావాస్య ఎద్దులకు పక్కూరి నుంచి మా నాన్న చేని మట్టి మోసుకుపోయేది. ఆమె కోపానికి దండం పెడతాను. ఆ కోపం వల్లే మనవలు ఆ చేని గింజ తినలేదు.

వాళ్లింట్లో పోయినవాళ్లను సొంత చేన్లోనే పూడుస్తారు. మామయ్య సమాధి అక్కడే ఉంది. అత్త మాత్రం ముందే చెప్పిపెట్టింది: "పరీక్ష కాని మణ్ణు నా మీద పొయ్యకుండ్రి."

అందుకని మా నాన్న చేన్లో గుంత తీశాం. మామయ్యకు దూరంగా, తలా పిడికెడు మట్టి వేసి వచ్చాం. వాళ్లిద్దర్నీ విడదీసినవాడు ఆ పొద్దు కూడా దుకాణం తెరిచే ఉంచాడు.

ఇల్లు కడుగుతూ అత్త కోడలు కొక్కేనికున్న సంచి దింపింది. ముడి అత్త వేసిందే.

"దీన్ని యాడ పొయ్యాలె?" అని అడిగింది.

తనే మళ్లీ కొక్కేనికే తగిలించింది.