జాకీ కక్కిన కోపం

మా కుక్క జాకీని బతికించింది అమ్మవారి కుంకుమేనని మా బావగారు ఇప్పటికీ కోడుమూరంతా చెప్పుకుంటారు. అది నిజం కాదు. నిజం ఆయన పంచె మీదే పడింది.

పోయినేడు మా ఊరి అమ్మవారి జాతర, దేవరనాడు పొట్టేలును కోయగానే ఆయనే దాని పచ్చి పేగులు జాకీకి వేశారు. మా ఇంట్లో ఏటా అంతే. కొన్ని వారాలకు జాకీ ఎముకల గూడైంది, తిండి మానేసింది. ఇక చచ్చిపోతుందని భయపడి, కర్నూలు పశువుల ఆసుపత్రికి ఆటో పిలిచాను. బావగారు వాకిలికి అడ్డం నిలబడ్డారు.

"యాడికి పోతాండావమ్మా? నైవేద్యం పెట్టకముందే అది మాంసం ముట్టుకునింది. అమ్మవారికి కోపమొచ్చిండాది. నుదుట కుంకుమ పెట్టినా కదా, సూదులెందుకు?"

"కోపమో రోగమో డాక్టరు చెప్తాడులే బావా, దోవ ఇయ్యండి."

అంతలో నా చేతుల్లోని జాకీ భళ్లున కక్కింది. ఆయన తెల్ల పంచె మీద మూరెడు పొడవున, నాడాలా చదునైన పురుగొకటి కదులుతోంది. నా నోరు ఆగలేదు.

"ఇదేనా బావా, ఆ కోపం?"

వీధంతా చూస్తుండగా ఆయన పక్కకు జరిగారు.

అవి బద్దెపురుగులని, పచ్చి పేగుల నుంచే వచ్చి ఉంటాయని డాక్టరు చెప్పి మాత్రలిచ్చాడు. జాకీ కోలుకుంది. ఇప్పుడు దానికి ఏ మాంసమైనా ఉడికించే పెడుతున్నాను.

ఒక్కటే నాకు అర్థం కాదు. అమ్మవారికి నిజంగా కోపమే వస్తే, పేగులు వేసిన మనిషిని వదిలేసి నోరులేని కుక్కను పట్టుకుంటుందా?