టీచర్ నానబెట్టమన్న ఆలుగడ్డలు

మా బయాలజీ టీచర్ పోయింది. సోమవారం పొద్దున దుకాణం షట్టర్ లేపుతుంటే ఆమె భర్త ఫోన్ చేశారు. మేమంతా ఆయన్ని సార్ అనే పిలుస్తాం. "టీచర్ లేదు బిడ్డా" అన్నారు, అంతే. డయాలసిస్‌కు తీసుకుపోతుంటే ఆటోలోనే గుండె ఆగిందట. దవాఖానలో డాక్టర్ ఒక్కటే మాట అడిగాడట, "నిన్న ఏం తాగించిండ్రు?" అని.

తాగించింది కొబ్బరి నీళ్లు. ఆమెకు ఏం తాగించకూడదో మా మట్టెవాడలో సగం మందికి తెలిసి ఉండాలి. సగం మందికి చదువు చెప్పింది ఆమే కదా.

తొమ్మిదో తరగతిలో కణాల పొర పాఠం వచ్చిందంటే మా ఇళ్లలో ఆలుగడ్డలు మాయమయ్యేవి. తలా ఒకటి తెచ్చుకుని, తొక్క తీసి, చెంచాతో నడుమ గుంట తవ్వి, అందులో ఉప్పేసి, నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టాలి. తర్వాత ముట్టుకుంటే వీపు మోగేది. కాసేపటికి పొడిగా ఉన్న గుంటలోకి నీళ్లు ఊరేవి. "ఎవడన్న పోసిండా? లేదు గద. మరెట్లొచ్చినయి?" అని బెంచీ బెంచీకి తిరిగి అడిగేది. "ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు పోతయి. కణానికి తలుపులుంటయి బిడ్డా, అన్నిటినీ రానియ్యది."

ఇంకో మాట కూడా చెప్పేది. "పల్లానికి నీళ్లు వాటంతటవే పోతయి. మిట్టకు ఎక్కాలంటే మోటర్ పెట్టాలె, కరెంట్ కాలాలె. కణం గూడ గంతే, తిన్న తిండి మోటర్‌కే పెడ్తది." నేను ఆ సబ్జెక్టులో రెండుసార్లు తప్పాను. అయినా ఆలుగడ్డ గుంటలో నీళ్లు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. మార్కులు రాని నన్ను ఆమె ఒక్కనాడూ చులకన చేయలేదు. "నీకు సూసుడు వచ్చు, రాసుడు రాదు. ఫికర్ చెయ్యకు" అనేది.

రిటైరయ్యాక కిడ్నీలు పాడైపోయాయి. అప్పుడు ఆ పాఠం వాళ్ల వంటింట్లోకే వచ్చింది. ఒంట్లో పొటాషియం బయటికి పోయే దారి మూసుకుపోయింది, అది నెత్తుట్లో పేరుకుంటే గుండె మీదికి వస్తుంది. డయాలసిస్ మిషన్‌లో ఉన్నదీ సన్నని పొరే, అదే నెత్తుట్లో చెడ్డను అవతలికి పంపేది. అందుకే ఆలుగడ్డలను చిన్న ముక్కలు కోసి, గిన్నెడు నీళ్లలో నానబెట్టి, పొటాషియం దిగిన ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసి, తర్వాతే వండాలని సార్‌కు నేర్పింది. కొబ్బరి నీళ్ల నిండా ఆ పొటాషియమే, అవైతే గడప లోపలికే రావద్దంది.

కానీ మన దగ్గర మంచం పట్టిన మనిషిని చూడటానికి ఉత్త చేతులతో ఎవరు పోతారు? చర్చి వాళ్లు తెచ్చారు, చుట్టాలు తెచ్చారు, పాత విద్యార్థులు తెచ్చారు. బోండాం వద్దంటే మొహమాటం అనుకున్నారు. "సల్లగుంటది, ఒంటికి మంచిది టీచర్" అని ఆమెకే పాఠం చెప్పారు. ఆమె ఓపిక ఉన్నన్నాళ్లు అందరికీ విడమరిచి చెప్పింది, తెచ్చినవి నా దుకాణానికి పంపేసింది. "గిన్నేండ్లు చెప్పినా బుర్రకెక్కలేదేందే వీళ్లకు" అని ఒకసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం మిషన్ ఉండదు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి, మగతలో పడి ఉందట. సార్ మందులకు వెళ్లారు. అప్పుడు వచ్చాడు ఆమె ఫస్ట్ ర్యాంకర్. ఇప్పుడు పిల్లలకు బయాలజీ బిట్లు బట్టీ పట్టించే కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. రెండు బోండాలు కొట్టించుకొచ్చి, తల ఎత్తిపట్టి, స్ట్రాతో తాగించాడు. ఈ సంగతి నాకు చెప్పిందీ అతనే, శవం పక్కన నిలబడి, కళ్లు తుడుచుకుంటూ. "ఆఖరికి నా చేతులతోని తాగించిన అక్కా. నా అదృష్టం."

పాణం తీసింది ఆ నీళ్లేనని నోటిదాకా వచ్చింది నాకు. సార్ నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దు బిడ్డా. మంచికే తెచ్చిండు." మంచికే! అందరూ మంచికే తెచ్చారు, ఆమెను మట్టిలో పెట్టారు.

మూడో రోజు టీచర్ ఇంటి ముందు చర్చి వాళ్లు ఆదరణ కూటం పెట్టి ప్రార్థన చేశాక అతనే మైకు పట్టుకున్నాడు. "టీచర్ చెప్పింది నాకింకా నోటికొస్తది. మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి!" అని కణంలోని మోటర్ లెక్కను గడగడా అప్పజెప్పాడు. జనం తలలూపారు. వెనక నుంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను లేచి లోపలికి వచ్చేశాను. ఇంత కోపం నాకు ఎన్నడూ రాలేదు, ఇప్పటికీ తగ్గలేదు.

అందరూ వెళ్లాక వంటింట్లోకి చూస్తే సార్ పీట మీద కూర్చుని ఆలుగడ్డలు కోస్తున్నారు. చిన్న చిన్న ముక్కలు. గిన్నెలో నీళ్లు అప్పటికే తెల్లగా మారాయి.

"ఇంకెందుకు సార్ నానబెట్టుడు?" అన్నాను.

"ఆమె క్లాసుల నేను కూసోలే గద బిడ్డా. నాకు గిదొక్కటే చెప్పింది."

గిన్నె వంచి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోశారు.