నవ్వు కోసం ఆగిన కెమెరా

మా బాపు పదకొండు నెలల కష్టాన్ని నేను ఒక్క సాయంత్రంలో, అదీ కొత్త డిజిటల్ కెమెరాతో, ఎలా మట్టిలో కలిపానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ మొహమాటపడరు.

ఉప్పుగూడలో మాది పాల వ్యాపారం. దీపావళి అయ్యాక సదర్ వస్తుంది. దున్నపోతులకు ఒళ్లంతా నూనె రాసి, పూలదండలు వేసి, డప్పులతో ఊరేగిస్తారు. అందులో దున్నపోతును వెనక కాళ్ల మీద నిలబెట్టినవాడి పేరే ఏడాదంతా గల్లీలో వినిపిస్తుంది. దూడగా ఉన్నప్పటి నుంచి పెంచిన మా దున్నపోతు షేరుకు బాపు పదకొండు నెలలు ఆ విద్య నేర్పాడు. ఆయన కోరిక ఒక్కటే. షేరు లేచినప్పుడు, పగ్గం తన చేతిలో ఉండగా, ఒక్క ఫొటో కావాలి. దాన్ని పాల దుకాణంలో గోడకు పెట్టుకోవాలి. అందుకు ఒక ఫొటోగ్రాఫర్‌ను కూడా మాట్లాడి పెట్టాడు.

ఆ ఫొటోగ్రాఫర్‌ను వద్దని పంపించింది నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, అంటే నాకు తెలియనిది ఏదీ ఉండని వయసు. నెల రోజులు కెమెరాల కాగితాలన్నీ చదివి, మెగాపిక్సెళ్ల గురించి ఇంట్లో అందరికీ చెప్పాను. చివరిదాకా విన్నది బర్రెలు మాత్రమే.

అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక సందులో సలీం భాయ్ కెమెరాల దుకాణం. అప్పటికే నాలుగుసార్లు వెళ్లి, ఏమీ కొనకుండా ఆయన తెప్పించిన చాయ్ తాగి వచ్చాను. ఐదోసారి ఆయన చాయ్ తెప్పించలేదు.

"ఏం ఫొటో తీయాలె భాయ్?" అన్నాడు.

"దున్నపోతుది."

"అయితే ఈ సాదాది తీస్కో. నొక్కితే పడ్తది. ఏం ఫికర్ లేదు."

సాదాది అన్న మాట నాకు నచ్చలేదు. "నవ్వును గుర్తుపట్టేది లేదా? మనిషి నవ్వినప్పుడే ఫొటో తీస్తదట గదా."

"ఉన్నది. గానీ దున్నపోతు నవ్వుతదా?"

"పక్కన మా బాపు ఉంటడు."

"అచ్ఛా. ఆయన నవ్వుతడా?"

ఇక్కడ నేను ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు. మా బాపు తన పెళ్లి ఫొటోలోనే కోర్టు బోనులో నిలబడ్డట్టు ఉంటాడు. ఫొటోలో పళ్లు కనబడితే ఇజ్జత్ పోతుందని ఆయన నమ్మకం. నేను మాత్రం కెమెరా చూస్తే ఎవరైనా నవ్వుతారనుకున్నాను.

సలీం భాయ్ ఆ నవ్వు సెట్టింగ్ పెట్టి ఇస్తూ, "తీసేసుడు ఎట్లనో గూడ చూస్కో" అన్నాడు.

"తీసేసేదానికి కొనుడెందుకు భాయ్?" అన్నాను. ఆయన బిల్లు రాశాడు.

సదర్ రోజు నాలుగు గంటలకు షేరు మెడలో గవ్వల పట్టీతో, నల్లగా నిగనిగలాడుతూ గల్లీ మధ్యకు వచ్చింది. జనం చుట్టూ చేరారు. బాపు వెనకే పక్క గల్లీ మల్లేశం నిలబడ్డాడు. ఆయనదీ పాల వ్యాపారమే. షేరు చచ్చినా లేవదని నెల రోజులుగా చాంద్రాయణగుట్ట దాకా చెప్పి వచ్చినవాడు.

బాపు పగ్గం పైకి లాగి కేక వేశాడు. షేరు లేచింది. నిజంగానే లేచింది. నేను బటన్ నొక్కాను. కెమెరా ఏమీ చేయలేదు.

"బాపూ, జర నవ్వు" అన్నాను.

"ఎందుకు?"

"నవ్వితెనే ఫొటో పడ్తది."

"నవ్వాల్నా, దీన్ని పట్టుకోవాల్నా? ఒకటి చెప్పు."

"రెండూ."

ఆయన నా వైపు చూసిన చూపును కెమెరా నవ్వుగా లెక్కించలేదు. షేరు కాళ్లు దించింది. బాపు మళ్లీ లేపాడు. ఈసారి కెమెరా టకటకా మోగింది. మూడోసారీ మోగింది. ఎండలో ఆ చిన్న తెర మీద ఏమీ కనిపించలేదు, గురి ఎటు పోయిందో కూడా తెలియలేదు. బాపు లోలోపల నవ్వుతున్నాడని, దాన్ని కూడా పట్టేసిందని నేను కెమెరాను మెచ్చుకున్నాను.

మర్నాడు ఫొటోలు ప్రింట్ వేయించి తెచ్చాను. మొత్తం పంతొమ్మిది. పంతొమ్మిదింటిలోనూ మల్లేశం. నోరంతా తెరిచి, తలెత్తి, పండక్కి కొత్త చొక్కా దొరికిన పిల్లాడిలా నవ్వుతున్నాడు. ఒక మూలన బాపు చెవి. ఇంకో మూలన షేరు పొట్ట.

నాకు ఏడుపొచ్చింది. మళ్లీ ఏడాది దాకా సదర్ లేదు. బాపు ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూశాడు. తిడతాడని తల దించుకున్నాను. ఆయన ఒకటి తీసి పక్కన పెట్టి, "గీన్ని పెద్దగ చేయించుకరా" అన్నాడు.

వారం తిరక్కుండా మల్లేశం ఫొటో మా దుకాణంలో గోడకెక్కింది. పాలకొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేవారు.

"గీయన ఫొటో గీడెందుకు అన్నా?"

"షేరు లేవదన్నోడు. లేసినప్పుడు గిట్లున్నడు" అనేవాడు బాపు పాలు కొలుస్తూ.

ఏదేమైనా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఫొటో ఎప్పుడు తీయాలో తనే నిర్ణయించుకునే కెమెరాను, పగ్గం పట్టుకున్న తండ్రిని నవ్వమని అడిగే కొడుకును, ఇక మా గడప తొక్కనివ్వను. రెండోవాడు ఇప్పటికే లోపల ఉన్నాడు గనుక, వాడి చేతికి బటన్ ఉన్న వస్తువేదీ ఇవ్వకూడదని ఇంట్లో తీర్మానమైంది.