ఈద్ నాడు లంబూగాడి ఉపవాసం

ఆ రోజుల్లో మా భుయ్యాడీహ్ బస్తీలో ఒక కుర్రాడు ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఫోన్లో వెతికే పని ఉండేది కాదు, వాళ్ళ పక్కింటికి వెళ్ళి ఒక టీ తాగితే సరిపోయేది. లంబూగాడి పక్కిల్లు మాది. (పొడుగు కాబట్టి వాడు లంబూ. పొట్టివాణ్ణి కాబట్టి నన్నేమని పిలిచేవారో దయచేసి అడక్కండి.) మా తాత శ్రీకాకుళం నుంచి, వాళ్ళ తాత బీహార్ నుంచి ఇక్కడి ఇనుము ఫ్యాక్టరీలో పనికని వచ్చి ఒకే గోడకి అటూ ఇటూ సంసారాలు పెట్టారు. లంబూ మా అమ్మ చేతి చేపల పులుసు తిని పెరిగినవాడు, అందుకని వాడికి నమాజుతో పాటు మా యాస కూడా చిన్నప్పుడే వచ్చేసింది. ఇద్దరం సైకిళ్ళ మీద ఖర్కాయ్ నది దాటి ఆదిత్యపూర్‌లో, ఇనుము కాల్చి సుత్తి మిషన్లతో సాగగొట్టే ఒక చిన్న ఫోర్జింగ్ షాపులో పనికి పోయేవాళ్ళం. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం.

ఆ ఏడు లంబూకి చక్రధర్‌పూర్ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల చదువుకుంది, చిన్నపిల్లలకి పాఠాలు చెబుతుంది. ఆ ఫొటో చూసినప్పటినుంచీ మావాడు భూమ్మీద నడవడం మానేశాడు. అంతా బాగానే ఉంది కానీ, ఒక్క చిక్కు. ఏళ్ళతరబడి ఆ హ్యామర్ మిషన్ పక్కన నిలబడి నిలబడి వాడి ఎడమ చెవి వినడం మానేసింది. ఆ సంగతి వాళ్ళమ్మకీ, మా అమ్మకీ, నాకూ తప్ప బయటి పురుగుకి తెలియదు. వాళ్ళమ్మని నేను ఖాలా (పిన్ని) అని పిలిచేవాణ్ణి. "నికా అయినాక అదే తెలుత్తాది, నువ్వు నోరెత్తకు బేటా" అంది ఖాలా. మా అమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. "వెయ్యి అబద్దాలాడి ఒక పెళ్ళి సెయ్యమన్నారు. నువ్వు ఒక్కటి కూడా ఆడక్కర్నేదు, నోరు మూసుకుంటే సాలు" అంది.

నోరు మూసుకోవడం ఒక్కటే నాకు చేతకాని పని.

పిల్ల తండ్రి ఒక ఆదివారం నేరుగా మా ఇంటికే వచ్చాడు. రైల్వేలో మన తెలుగువాళ్ళ మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, తెలుగు గడగడా మాట్లాడేవాడు. మేం చాచా అన్నాం. "మీ మసీదు ఇమాం సాబ్‌ని అడిగాను బాబూ. మనిషిని తెలుసుకోవాలంటే వాడితో కలిసి పనిచేసినవాణ్ణి, పక్కింటివాణ్ణి అడుగు అన్నారు. పక్కింటివాడు హిందువు కదా అంటే, ఏ మతమైనా పక్కింటివాడు పక్కింటివాడే, వెళ్ళి అడుగు అన్నారు" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"కుర్రాడు నమాజు చేస్తాడా?"

"తప్పడు చాచా." (తెల్లవారుఝామున గోడ మీద గరిటెతో కొట్టి వాణ్ణి లేపేది మా అమ్మ. అది చెప్పలేదు.)

"రంజాన్‌లో రోజాలు, ఉపవాసాలు ఉంటాడా?"

ఉంటాడని ఊరుకుంటే పోయేది. "ఉండడవేటి చాచా! నెలంతా ఉండడం అందరూ ఉంటారు. మావోడు ఈద్ నాడు కూడా పచ్చి మంచినీళ్ళు ముట్టడు!" అనేశాను. ప్రతి ఈద్‌కీ వాళ్ళింట్లో వాడి పక్కనే కూర్చుని సేమ్యా గిన్నెలు ఖాళీ చేసినవాణ్ణి నేనే. అయినా ఆ ఊపులో నాకు మా ఇంటి శివరాత్రి గుర్తొచ్చింది. మా లెక్కలో పండగ ఎంత పెద్దదైతే కడుపు అంత మాడాలి.

చాచా చేతిలో కప్పు ఆగిపోయింది. "ఈద్ రోజా?" అన్నాడు.

"ఒక్క మెతుకు ముడితే ఒట్టు" అన్నాను. లోపలినుంచి మా అమ్మ, "మా గుంటడు నిజవేఁ సెప్తన్నాడు బాబూ" అని తన వంతు సాయం చేసింది. చాచా ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు. నేను గర్వంగా గోడ దూకి లంబూకి చెప్పాను. వాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఈద్ నాడు రోజా ఉండకూడదురా, హరామ్! ఆ రోజు తినాలి! నన్ను మతం తెలీని ఎదవని సేసీసినావు కదరా!"

అయ్యో రామా అనుకున్నాను. అంతకన్నా ఏం చెయ్యను?

శుక్రవారం నమాజు అయ్యాక ఇమాం సాబ్ నన్ను మసీదు పక్క గదికి పిలిపించారు. చాచా కూడా అక్కడే ఉన్నాడు. తిట్లు తప్పవనుకున్నాను. ఇమాం సాబ్ మాత్రం నన్ను చూడగానే నవ్వడం మొదలుపెట్టి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. ఆ తర్వాత కూర్చోబెట్టి హిందీలో నెమ్మదిగా చెప్పారు. పెళ్ళి విషయంలో ఎవరైనా నిన్ను అడిగారంటే నమ్మి నీ దగ్గర అమానత్ పెట్టినట్టే, దాచుకోమని సొమ్ము ఇచ్చినట్టే. లేని గుణం కలపకూడదు. రేపు ఆ పిల్లకి కష్టం తెచ్చేది ఏదైనా ఉంటే దాచకూడదు. అలాగని అక్కర్లేని లోపాలు ఏకరువు పెడితే అది చాడీ, అదీ పాపమే.

తప్పించుకోవడానికి చివరి ప్రయత్నం చేశాను. "నేను హిందువుని కదా సాబ్, ఈ నియమం నాకు కూడానా?"

"ఏం, మీ ఇంట్లో అమానత్ తినెయ్యమని నేర్పారా?" అన్నారాయన.

ఇక మొదలుపెట్టాను. పొద్దున్నే లేవడన్నాను. ఖైనీ నములుతాడన్నాను. నా చొక్కాలు అడక్కుండా వేసుకుంటాడని ఇంకా చెప్పబోతుంటే ఇమాం సాబ్ వేలెత్తి, "ఇది చాడీ" అన్నారు. మరి ఆ పిల్లకి కష్టం తెచ్చేది ఏది అని ఆలోచించాను. ఆ పిల్ల అత్తారింటికొచ్చి, పక్కన కూర్చుని ఏదో చెబుతుంటే వీడు పలక్కపోతే, నా మొగుడికి నేనంటే లెక్కలేదని ఏడవదూ? ఆ ఊహ రాగానే చెవి సంగతి చెప్పేశాను. చాచా లేచి, చెప్పులేసుకుని, స్టేషన్‌కి వెళ్ళిపోయాడు.

లంబూ తిట్టి ఉంటే బాగుండేది. "సెప్పీసినావా?" అని ఒక్క మాట అని మొహం తిప్పుకున్నాడు. పనిలో పక్కపక్కనే నిలబడి పట్టకారు అందించుకుంటూ కూడా మాట్లాడలేదు. ఖాలా గోడ మీంచి గిన్నెలు పంపడం మానేసింది. "కన్నకొడుకులాంటోడి పెళ్ళి సెడగొట్టినావు" అని మా అమ్మ నాకు అన్నం పెడుతూ ఏడిచింది. నేను కూడా కొలిమి దగ్గర ఏడ్చి, పొగ మీదకి తోశాను.

కొన్నాళ్ళకి చాచా మళ్ళీ వచ్చాడు, ఈసారి లంబూ ఇంటికి. నేను గోడకి చెవి అంటించాను. "చెవి సంగతి విని పిల్ల ఒకటే మాట అంది. పక్కింటాయన నోటినుంచి కాదు, అబ్బాయి నోటినుంచే వినాలంది. వచ్చి చెబితే అప్పుడు తన మాట చెబుతుందట." ఆయన గడప దాటగానే లంబూ మా ఇంట్లోకి దూరి, దండెం మీద ఆరేసిన నా చొక్కా తొడుక్కున్నాడు. చేతులు మోచేతుల దాకా వచ్చి ఆగిపోయాయి. "నడు" అన్నాడు. అన్నాళ్ళ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది.

చక్రధర్‌పూర్‌లో వాళ్ళ ముందుగదిలో, పెద్దలందరి ఎదుటా వాడు చెప్పాడు. ఆరడుగుల మనిషి గొంతు పీలగా వచ్చింది. దాచింది భయపడి అని కూడా చెప్పాడు. ఆ అమ్మాయి తల్లి పక్కన కూర్చుని అంతా వింది. "ఏ చెవి?" అని మాత్రం అడిగింది. ఎడమదన్నాడు. ఆమె లేచి, తన కుర్చీ తీసుకొచ్చి వాడి కుడిపక్కన వేసుకుని కూర్చుంది. చాచా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేనైతే సిగ్గు లేకుండా బావురుమన్నాను.

ఇప్పుడు వాళ్ళ పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. కుడి చెవి కూడా మందగించాక లంబూ షాపు మానేశాడు, నేనింకా అక్కడే ఉన్నాను. మొన్న బజార్లో నన్ను పట్టుకుని, "మా పిల్లకి సూసిన కుర్రోడు మీ షాపులోనే పనిసేత్తన్నాడంట. నువ్వే ఆరా తియ్యాల. ఏటున్నా నాకు గట్టిగా సెప్పు, పిల్లకి మాత్రం మెల్లగా సెప్పు" అన్నాడు.

"అలాగేరా!" అని అరిచాను. బజారంతా తిరిగి చూసింది. ఇప్పుడు నేను మనుషుల గురించి ఆచితూచి, అడిగినంతే మాట్లాడతాను, మంచిదే. కానీ స్నేహితుడి పెళ్ళి జరగాలన్న ఆరాటంలో పండగనాడు వాడి నోటికాడ సేమ్యా కూడా లాగేసిన ఆ పొట్టి వెధవని తలుచుకుంటే, నవ్వుతో పాటు కాస్త బెంగగా కూడా ఉంటుంది.