పడాలె, పడ్తది

అశోక్ నగర్‌లో మేమున్న లేడీస్ హాస్టల్‌కు కొత్త సంవత్సరం ఊరందరికంటే ముందే వచ్చేది. వార్డెనమ్మ గేటుకు తాళం వేసేలోపు కేకు తెచ్చి కోసెయ్యాలి మరి. ఊరంతా అర్ధరాత్రి కోసం ఎదురుచూస్తుంటే, మేం రాత్రి భోజనానికి ముందే "హ్యాపీ న్యూ ఇయర్" అని అరిచేసి, చేతులు కడుక్కుని, మళ్లీ పుస్తకాల ముందు కూర్చునేవాళ్లం. ఇంత బుద్ధిమంతులను ఆఫీసర్లుగా తీసుకోవడానికి ప్రభుత్వానికి ఏం రోగమో నాకు అర్థమయ్యేది కాదు.

గ్రూప్స్ కోచింగ్ కోసం నేను 2010లో జగిత్యాల వైపు నుంచి వచ్చాను. నా గదిలో రెండో మంచం అక్కది. సొంత అక్క కాదు, పాలమూరు మనిషి, నాకంటే చాలా పెద్దది. వాళ్లమ్మ రాంనగర్‌లో ఓ రేకుల గది కిరాయికి తీసుకుని, కడుతున్న ఇళ్ల దగ్గర ఇటుకలు మోసేది. ఆ గదిలో చదువు సాగదని కూతుర్ని తెచ్చి ఇక్కడ పెట్టింది. చిక్కడపల్లి లైబ్రరీ గేటు తెరిచే వేళకు అక్క లైన్లో ముందుండేది. పరుగున లోపలికి వెళ్లి రెండు కుర్చీలు పట్టేది. ఒకటి తనకు. రెండోదాని మీద చున్నీ వేసి నాకోసం ఆపేది. ఆ చున్నీ ధైర్యంతోనే నేను రోజూ హాయిగా ఆలస్యంగా లేచేదాన్ని.

మా దగ్గర నోటిఫికేషన్ 'వచ్చింది' అనరు, 'పడింది' అంటారు. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఏమన్న పడ్డదా?" అని అడిగారంటే అది ఉద్యోగాల గురించే. అందుకే కేకు కోశాక ఇంగ్లీషు ముక్క మొక్కుబడిగా అనేసి, అసలు శుభాకాంక్షలు తర్వాత చెప్పుకునేవాళ్లం. ఒకరు "పడాలె!" అనాలి. ఎదుటివాళ్లు "పడ్తది!" అనాలి. నోట్లో కేకు కుక్కుకుంటూనే అనాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, అది అనకపోతే ఏడాది మారినట్టే ఉండేది కాదు.

జనవరి ఫస్టున పని ఉండదని మేస్త్రీ సెలవిచ్చేవాడు. అక్క వాళ్లమ్మ జొన్న రొట్టెలు, పల్లికారం గుడ్డలో కట్టుకుని రాంనగర్ నుంచి నడిచి వచ్చేది. నేను చేరాక మొదటి జనవరి ఫస్టున ఆమె వచ్చేసరికి, తెల్లారినా మేమింకా వరండాలో "పడాలె", "పడ్తది" అనుకుంటూ గోల చేస్తున్నాం. ఆమె గేటు దగ్గరే ఆగి మొగులు వైపు చూసింది.

"ఏంది బిడ్డా, గీ చలికాలంల వాన పడుడేంది?"

కడుపు పట్టుకుని నవ్వాం. అక్క నవ్వాపుకుంటూ, "వాన కాదే అమ్మా, నౌకరి. నౌకర్ల నోటిఫికేషన్ పడాలె అంటున్నరు" అని చెప్పింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఏదైతేంది, పడాలె" అంది.

ఆ తర్వాత ప్రతి జనవరి ఫస్టుకూ గేటు బయటి నుంచే "పడాలె బిడ్డా!" అని కేకేసేది. హాస్టలంతా "పడ్తదమ్మా!" అని బదులిచ్చేది. రొట్టెల కోసమే అరుస్తున్నామని వార్డెనమ్మ దెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

మధ్యలో ఒకసారి నిజంగానే పడింది. అక్క రాసింది, కొద్దిలో పోయింది. మళ్లీ పడుతుందన్న ఆశతో ఏళ్లు నడిచాయి. 2013 అక్కకు చివరి ఏడు. నోటిఫికేషన్ ఏ ఏడాది పడితే ఆ ఏడాది లెక్కన వయసు చూస్తారు. డిసెంబర్ ముప్పై ఒకటిలోపు పడితే అక్క రాయొచ్చు. ఆ రోజు దాటితే ఎంత చదివినా దరఖాస్తే తీసుకోరు. అప్పుడేమో రాష్ట్రం రెండవుతుందా కాదా అని టీవీల్లో కొట్టుకుంటున్నారు. నోటిఫికేషన్ మాటెత్తే నాథుడు లేడు.

ఆ నెలంతా అక్క రోజూ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి చూసి వచ్చేది. నేను ఏమీ అడిగేదాన్ని కాదు. తిరిగొచ్చి చెప్పులు విప్పే తీరులోనే తెలిసిపోయేది.

ముప్పై ఒకటి సాయంత్రం ఇద్దరం కేకు కోసం నారాయణగూడ వెళ్లాం. బేకరీల ముందు షామియానాలు వేసి, కేకు డబ్బాలు గుట్టలుగా పేర్చారు. జనం తోసుకుంటున్నారు. దారిలో అక్క ఇంటర్నెట్ సెంటర్ ముందు ఆగి, "జర ఆగు, ఇప్పుడే వస్త" అని లోపలికి వెళ్లింది. సెలవుకు ముందు సాయంత్రం ఏ ఆఫీసువాడు నోటిఫికేషన్ వేస్తాడు? అయినా నేను ఫుట్‌పాత్ మీద నిలబడి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. అక్క బయటికొచ్చి, "ఏ కేకు తీసుకుందాం? పైనాపిల్?" అంది.

అంతే. కేకు మూల నలిగిందని నేను బేకరీ అతని మీద ఇంతెత్తున లేచాను. "కొత్త సంవత్సరం పూట ఏం లొల్లక్కా" అని అతను డబ్బా మార్చి ఇచ్చాడు. నా కోపం కేకు మీద కాదని అతనికేం తెలుసు?

ఆ సాయంత్రం కేకు కోశాక ఎవరూ "పడాలె" అనలేదు. అక్క సంగతి అందరికీ తెలుసు. ఇంగ్లీషు శుభాకాంక్షలతోనే సరిపెట్టుకుని ఎవరి గదికి వాళ్లు వెళ్లిపోయాం.

తెల్లారి నేను పంపు దగ్గర బట్టలు ఉతుకుతుంటే గేటు బయట కేక వినిపించింది.

"పడాలె బిడ్డా!"

హాస్టల్లో ఒక్క గొంతూ లేవలేదు.

"ఏందే, ఇంక లేవలేదా అందరు? పడాలె!"

అక్క మెట్లు దిగుతూ, "పడ్తదమ్మా" అంది. ప్రతి ఏడూ అనే గొంతుతోనే అంది. ఆమె తృప్తిగా లోపలికొచ్చి మూట విప్పి, మాకు రొట్టెలు పంచింది. "మా మేస్త్రికి చెప్పిన. ఈ ఏడు నా బిడ్డ ఆఫీసరైతది, ఇగ నేను ఇటుకలు మొయ్య అని" అంటూ నా చేతిలో ఇంకో రొట్టె పెట్టింది.

ఆమె వెళ్లాక, "అమ్మకు చెప్పవా అక్కా?" అని అడిగాను.

"చెప్త తియ్. ఇయ్యాల కాదు." అక్క రొట్టెల గుడ్డ మడత పెట్టింది. "వాన కోసం చూసి చూసి ఊరిడిసొచ్చింది మా అమ్మ. ఇది గూడ పడదని నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

అప్పుడు ఏడ్చింది. అన్నేళ్లలో అక్క ఏడవడం చూసింది ఆ ఒక్కసారే. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఓదార్చడానికి ఉన్న ఒక్క మాటా ఇక అనకూడని మాట అయిపోయింది.

ఎండలు ముదరకముందే అక్క గది ఖాళీ చేసింది. పుస్తకాలన్నీ నాకే వదిలేసింది. మర్నాడు అలవాటుగా ఆలస్యంగా లైబ్రరీకి వెళ్తే ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. గోడకు ఆనుకుని నిలబడే చదువుకున్నాను.

కొన్నాళ్లకు రాష్ట్రం మారింది. ఆ తర్వాత వయసు పరిమితి పెంచారు, నోటిఫికేషన్లూ పడ్డాయి. అక్కకు ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వినిపించింది. పేపరు పట్టుకుని రాంనగర్‌కు పరుగెత్తాను. రేకుల గదిలో వేరేవాళ్లున్నారు. పాలమూరు తల్లీకూతుళ్లు ఎటు వెళ్లారో వాళ్లకు తెలియదు. పడ్డదమ్మా, పడ్డదమ్మా అని దారంతా అనుకుంటూ వచ్చినదాన్ని, ఎవరికీ చెప్పకుండానే అశోక్ నగర్‌కు తిరిగి నడిచాను.